దర్భ ఉంగరంతో కునుకు

తిరుపతి, శుక్రవారం

చి.సౌ. అలమేలుకు అత్త దీవెనలు. ఇక్కడ క్షేమమని రాయడం వాడుక కనుక రాశాను.

నిన్న మీ మామగారి తద్దినం. సంకల్పం చెబుతుండగా నీ మగడు దర్భ ఉంగరంతోనే కునికిపోయాడు. మద్రాసు పోయిన లెక్చరరు క్లాసులు కూడా వీడికే అంటగట్టారు కదా.

"లేపబాకండమ్మా, పితృదేవతలు కాసుకోనుంటారు, కాలేజీవోళ్లే కాసుకోరు," అన్నాడు పురోహితుడు.

పిండం పెట్టగానే ముద్దైనా ముట్టకుండా కాలేజీకి పరుగెత్తాడు. చదువు చెప్పడం నీడపట్టు ఉద్యోగమని మురిసిపోయాను, అలమేలూ. ఆ మురిపెం ఇప్పుడు గుచ్చుతోంది.

సెలవు పెట్టరా అంటే నా మాట వినడు. మీ నాయనను పంపు, మామ మాట కాదనలేడు. పలమనేరు చలిగాలి చంటిదానికి తగలనీకు. దానికి పాడే జోలపాటలు మరవకు. ఇక్కడ వాళ్ల నాయనకూ కావాలి.

చంటిదాని నాయనమ్మ