సట్టం మారేలోగా గౌరి ఈనీసినాది

ఒసే సిన్నమ్మీ,

నువ్వు కాలంసేసి ఎల్లిపోయి ఈయాల్టికి ఏడాది. పొద్దున్న నీ గేదె గౌరికి నొప్పులొచ్చాయి. కడుపులో దూడ అడ్డం తిరిగిపోనాది. ఎవుల్నీ దగ్గరికి రానీకపోతే నీ నీలం సీర కట్టుకునెల్లాను. నవ్వకు. నీ వాసనకి కుదుటపడ్డాది.

మన పైడమ్మ పశువులాసుపత్రిలో అసిస్టెంటు కదా, ఫోను పట్టుకుని నిలబడిపోనాది. డాక్టరు సీపురుపల్లి రైలుగేటు కాడ ఆగిపోనాడంట.

"సెయ్యెట్టి తిప్పవే!"

"నేను సెయ్యకూడదు నాన్నా, డాక్టరే సెయ్యాల. మేమూ సెయ్యొచ్చని సట్టం మారుస్తామంతన్నారు గానీ ఇంకా మార్సలేదు. తేడా వస్తే నా ఉజ్జోగం పోద్ది."

"అమ్మ సీరలో ఉన్నాను, అమ్మే సెప్పినాదనుకో!"

అది నవ్వలేదు. గౌరి ఓపిక సాలక నేల మీద మెడ సాపీసినాది. పైడమ్మ ఫోను నా సేతిలో ఎట్టీసి, సబ్బునీళ్ళతో సేతులు కడుక్కుని గౌరి ఎనకాల కూకున్నాది.

దూడ బతికే పడ్డాదే. అప్పుడే డాక్టరు బండి దిగినాడు.

"ఎవరు తిప్పారు?"

"నేనే బాబూ" అనీసినాను, అది నోరిప్పకముందే.

ఆయన పైడమ్మ సేతులకేసి సూసినాడు, మోసేతుల దాకా తడి. పొడిగా ఉన్న నా సేతులూ సూసినాడు.

"బాగా తిప్పావు. ఆ సట్టం మారీదాకా నువ్వే తిప్పు" అన్నాడు.

ఆయనెల్లిపోనాక పైడమ్మ దూడని పట్టుకుని ఏడ్సినాది. నువ్వెల్లిపోయిన రోజు కూడా ఏడవలేదే అది.