ఇబ్రా ఖలాస్

నవంబర్ 4, మంగళవారం
ఈ అరబ్బు ఇంట్లో యజమానురాలిని మామా అనాలి. ఆ మామా వాళ్లమ్మ కాలి పుండుకు కట్టు మార్చడానికి క్లినిక్ నుంచి మలయాళీ సిస్టర్ వచ్చింది. నేను ఇన్సులిన్ వేయబోతుంటే చేతిలో సూది లాక్కుంది. "తుమ్హారే పాస్ లైసెన్స్ హై క్యా?" లేదు. ఉన్నది ఇంటిపని వీసా. "ఏదైనా అయితే జైలే" అనేసి పోయింది.

రాయచోటి పక్క సబ్ సెంటర్లో ఎంతమంది పిల్లలకు టీకాలేశాను... అక్కడ నర్సమ్మను. ఇక్కడ ఖద్దామాను, పనిమనిషిని. చదువు అదే, చెయ్యి అదే. ఒళ్లు మండింది. భయమూ వేసింది.

సాయంత్రం మామా రాగానే చెప్పేశాను — "ఇబ్రా ఖలాస్, మామా." ఇబ్రా అంటే సూది. సూది పని ఇక నా వల్ల కాదని. "జైన్" అంది, సరేనని. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

నవంబర్ 5
మళ్లీ అడిగింది, "ఇబ్రా?" "ఖలాస్, మామా." "జైన్." తల్లికి తనే వేస్తోంది కాబోలు.

నవంబర్ 6
పెద్దామె నీళ్లు తాగుతూనే ఉంది. పిలిస్తే మత్తుగా ఊఁ అంటోంది. షుగర్ చూద్దామని మిషన్ తీశాను. వేలికి గుచ్చేదీ సూదే కదా... లోపల పెట్టేశాను. ఊళ్లో అయితే ఇంత ఆలోచిస్తానా?

నవంబర్ 7
అంబులెన్స్. పొద్దున లేపితే లేవలేదు.

మామా అరుపు — "రోజూ ఖలాస్ అన్నావు కదా!" అప్పుడు తెలిసింది. ఖలాస్ అంటే అయిపోయింది అనే కదా. ఆమె విన్నది వేసేశానని. నేనన్నది మానేశానని. ఇన్ని రోజులూ ఆ తల్లికి ఎవరూ సూది వేయలేదు.

ఫింటాస్ ఏరియాలో ఇంటిపని చేసే మా వైపు రమణమ్మక్కకు ఫోన్ చేశా. "ఏం చెప్పాకు మే. ఏస్తాంటినంటే జైలు, మానేస్తినంటే సంపితివంటారు."

నవంబర్ 8
వార్డులో నేనే తోడు. మందు వేసినా షుగర్ ఇంత పెరిగిందా, వేయకనా — డాక్టర్‌కు అది తెలియాలి. మామా మాట వేరు. ఎవరడిగినా తెలీదనాలి, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు తన చేతిలో ఉంది.

మధ్యాహ్నం పెద్దామె కళ్లు తెరిచింది. నన్ను చూసి, గౌను చెయ్యి మెల్లగా పైకి మడిచి నా ముందుకు చాపింది. సూదికి. డ్యూటీ సిస్టర్ చూడనే చూసింది. "ఇంట్లో సూది వేసేది నువ్వేనా?"

బాత్రూంకని వచ్చి రాస్తున్నా. సిస్టర్ జవాబు కోసం తలుపు బయటే ఉంది...