కారుకు నీ బుద్ధే వచ్చింది

గోర్నో బుకోవో,
అక్టోబరు 17, శుక్రవారం

వెలిచ్కోకు, నీ అక్క జివ్కా మొగుడు స్తామెన్ రాసేది.

ఇక్కడ మేమిద్దరం లేచి తిరుగుతున్నాం. నువ్వూ తిరుగుతున్నావనే అనుకుంటాను, లేకపోతే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. మర్యాదలు అయిపోయాయి.

నీ కూతురి పెళ్లయి తొమ్మిదేళ్లయింది. నేను మరిచిపోయాననుకుంటున్నావేమో. బ్యాండు వాయిస్తుండగా, రెండు ఊళ్ల జనం చూస్తుండగా, పెళ్లికూతురి కారు తాళాలు నా చేతిలోంచి లాక్కుని "బావా, నీ దగ్గర వాసన వస్తోంది, వెనక కూర్చో" అన్నావు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ కనుమ మీద కలప లారీ నడిపినవాణ్ణి వెనక కూర్చోమన్నావు! తాళాలు ఎవరికిచ్చావు? గచ్చు పలకలు అమ్ముకునే నీ వియ్యంకుడి తమ్ముడికి. వాడు చర్చి దగ్గర మలుపులో రెండుసార్లు ఇంజను ఆపేశాడు. వాసన ఎందుకొచ్చిందో అడిగావా? అడగలేదు. ఆ రోజే నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు, అందుకే ఈ కాగితం.

ఇక కారు సంగతి.

మార్చిలో ఆ వెండి రంగు కారు తెచ్చి మా గేటు ముందు ఆపి, "ఇది అక్క కోసం బావా, నీ కోసం కాదు" అని చెప్పి, బస్సెక్కి ప్లోవ్‌దివ్ వెళ్లిపోయావు. నీ అక్క సంబరపడి, దారి సాఫీగా సాగాలని చక్రాల ముందు చెంబుడు నీళ్లు పోసింది. మంగళ, గురు, శనివారాలు ఆమె స్మోల్యాన్ ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. వెళ్లాలంటే కనుమ ఎక్కాలి, దిగాలి. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి చెప్పింది.

మొదట్లో బాగానే నడిచింది. వేసవి నుంచి ఆ గేరుపెట్టెకు పిచ్చి పట్టింది. ఎత్తు ఎక్కుతుంటే నాలుగులో ఉన్నది ఉన్నట్టుండి మూడుకు పడి, ఎవరో గిల్లినట్టు అరుస్తుంది. మరో పది గజాలకు మళ్లీ నాలుగు. మళ్లీ మూడు. ఎక్కాలో దిగాలో తేల్చుకోదు. చదును రోడ్డు మీద కూడా వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఊపు. క్లచ్ ఉంటే దాని సంగతి నేను చూసేవాణ్ణి. ఎడమ కాలికి పనిలేని బండి కూడా ఒక బండేనా! నువ్వంటే పట్నంలో సిటీ బస్సు నడిపినవాడివి, రెండు పెడళ్ల మనిషివి, నీకు ముద్దు.

వంతెన దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ రఫెత్ దగ్గరికి తీసుకెళ్లాను. మొదటిసారి నూనె మార్చాడు. దిగుడులో ఎలా నడుపుతున్నావని అడిగాడు. ఎలా ఏమిటి, లారీవాళ్లందరం నడిపినట్టే, గేరు తీసేసి జారనిస్తాను, డీజిలు మిగులుతుంది అన్నాను. నెత్తి పట్టుకున్నాడు. "తాతా, అది నీ లారీ కాదు! అలా చేస్తే లోపల పళ్లేలు కాలిపోతాయి. దిగుడులో అదే కింద గేరు వేసుకుని నిన్ను పట్టుకుంటుంది. అరిస్తే అరవనీ, దాని పని దాన్ని చేసుకోనీ" అన్నాడు. సరే, మానేశాను. ఈ వయసులో పాఠం నేర్చుకున్నాను, రాసిపెట్టుకో. అయినా గేరు మార్పులు మారలేదు.

రెండోసారి కంప్యూటరు తగిలించాడు. తప్పేమీ చూపించలేదు. అప్పుడొక మాట చెప్పాడు. ఇలాంటి పెట్టెలు నడిపేవాడి పాదాన్ని గమనిస్తాయట. వాడెంత నొక్కుతాడు, ఎప్పుడు వదులుతాడు అన్నీ గుర్తుపెట్టుకుని దాన్నిబట్టి గేరు వేస్తాయట. అప్పుడు నాకు వెలిగింది. ఆరేళ్లు ఈ కారును నడిపిందెవరు? నువ్వు! దానికి నీ బుద్ధే వచ్చింది. ఇస్తున్నట్టే ఇచ్చి లాక్కోవడం, ముందుకు పోతున్నట్టే పోయి సగంలో మనసు మార్చుకోవడం. ఈ మాట రఫెత్‌తో అంటే పడీ పడీ నవ్వాడు. "దాని జ్ఞాపకం చెరిపేస్తాను, మళ్లీ నీ దగ్గరే నేర్చుకుంటుంది" అన్నాడు. చెరిపేశాడు. రెండు రోజులు బుద్ధిగా ఉంది. మూడోరోజు మళ్లీ మామూలే. నువ్వు నేర్పింది అంత తేలిగ్గా పోతుందా?

మొన్న మంగళవారం రంపం మిల్లు మలుపులో, నేను నెమ్మదిగా తిప్పుతుంటే, అది రెండు గేర్లు కిందికి పడి ఒక్కసారిగా ఎగిరింది. అంచు గోడకు జానెడు దూరంలో ఆపాను. నీ అక్క అరవలేదు. ఒళ్లోని సంచి సర్దుకుని, "స్తామెన్, ఇక నన్ను తీసుకెళ్లకు. లోయలో పడి పోయేకంటే ఇంట్లో నా మంచం మీద పోతాను" అంది. నోరు మూసుకోమన్నాను. నిన్న గురువారం నిజంగానే కారెక్కలేదు. గడప మీద కూర్చుని బీన్సు గింజలు ఒలుచుకుంటూ నా వైపు చూడనైనా చూడలేదు. పోస్టు వ్యాను నడిపే అతన్ని నేను, స్తామెన్‌ని, బతిమాలాను. నిన్న తీసుకెళ్లాడు, వచ్చే శనివారం, 25 దాకా తీసుకెళ్తానన్నాడు. ఆ తర్వాత అతన్ని వేరే లోయకు మారుస్తారట.

కాబట్టి విను. నేను సాయం అడగడం లేదు. నీ వస్తువు చెడింది, నువ్వొచ్చి బాగుచెయ్యాలి, అంతే. పింఛను తీసుకుని బాల్కనీలో మిరపకాయలు పెంచుకోవడం తప్ప నీకు పనేముంది? పొయ్యి పక్క గది ఖాళీగానే ఉంది. ఈ శీతాకాలం ఇక్కడే ఉండి, ఆ కారును నువ్వే నడిపి, నువ్వు నేర్పిన చెడ్డ అలవాట్లు నువ్వే మాన్పించు. ఫోను చేయకు, ఒట్టు ఉంది. కాగితం రాయి, లేదా మనిషివే రా. 26న ఆదివారం, దిమీతర్ పండుగ. ఆ రోజు చీకటి పడేలోగా నాకు జవాబు కావాలి. 28 మంగళవారం నీ అక్క కనుమ దాటాలి.

నీకంటే ఏడేళ్లు పెద్దవాడు,
నీ అక్క మొగుడు
స్తామెన్

తా.క. పైన రాసిందంతా జివ్కా చదివింది. మిరపకాయల మాట తీసేయమంది, తీయలేదు. ఈ కింది ముక్క ఆమె చూడలేదు, చూడకూడదు.

బుధవారం రఫెత్ తనే స్టీరింగు పట్టుకుని కనుమ ఎక్కి దిగాడు. ఒక్క కుదుపు లేదు. పాల మీద మీగడలా సాగిపోయింది. తర్వాత నన్ను నడపమని, రోడ్డు చూడకుండా నా కుడి పాదాన్నే చూస్తూ కూర్చున్నాడు. "తాతా, నొక్కుతున్నావు, వదులుతున్నావు, మళ్లీ నొక్కుతున్నావు. నీకు తెలుస్తోందా?" అన్నాడు. తెలియడం లేదు వెలిచ్కో. వేసవి మొదలైనప్పటి నుంచి ఆ పాదం నాది కానట్టుంది. ఆగస్టులో మేకు దిగితే, మేజోడులో నెత్తురు చూశాక గాని నాకు తెలియలేదు. నీ అక్క కీళ్లనొప్పులనుకుని రోజూ రాకియా సారా పోసి రుద్దుతోంది. ఆ పుండు మీద పడినా మండలేదు. పెట్టె తప్పు లేదు, నీ తప్పూ లేదు. అది నా పాదం చెప్పినట్టే వింటోంది. ముందు నీ అక్క సంగతి కుదిరితే తర్వాత నా కాలు డాక్టరుకు చూపిస్తాను. ఆమెకు మాత్రం కారుదే తప్పని చెప్పు.

రెండో తాళం ఈ కవరులోనే పెట్టాను. ఈసారి ఎవరూ లాక్కోలేదు, నేనే ఇస్తున్నాను.

నేను నీ పక్కన కూర్చుంటాను. నా దగ్గర రాకియా వాసన వస్తే నోరెత్తకు. అది కాలికి రుద్దింది. పెళ్లినాడు వచ్చింది భుజానికి రుద్దింది. నీ అక్కనడుగు.