నువ్వు సంతకం పెట్టిన కాగితం

అమ్మా,

ఫోన్లో అయితే అరిచేస్తానని రాస్తున్నాను.

పరీక్ష చేయించుకున్నాను. లోపం నాదే. పద్నాలుగేళ్లప్పుడు క్యాన్సర్‌కి ఎక్కించిన మందుల వల్ల నాకు పిల్లలు పుట్టరట. పాత ఫైలు తెప్పించి చూస్తే, "మందులు మొదలుపెట్టే ముందే వీర్యం తీసి దాచవచ్చని చెప్పాం, తల్లి వద్దన్నారు" అని ఉంది. కింద నీ సంతకం.

"పసివాడి దగ్గర ఆ పాడు మాటలేంటండీ, ముందు వాణ్ని బతికించండి" అని నువ్వు డాక్టరుతో అనడం మంచం మీంచి విన్నాను. ఏ మాటలో ఇప్పుడు తెలిసింది. అప్పుడు భయపడ్డావు, సరే. పెళ్లి చేసేటప్పుడైనా నోరు విప్పొద్దా? పైగా మూడేళ్లుగా నీ కోడలికి కషాయాలు పంపి, "ఈ నెలైనా చల్లని కబురు చెప్తావా తల్లీ" అని అడుగుతావా? పాపం, ఒక్క చుక్క వదలకుండా తాగింది. ఇక పంపకు.

బడిపిల్లల యూనిఫారాలకు గుడ్డ కత్తిరించే పని నాది. అన్నిటికంటే చిన్న చొక్కా చెయ్యి నా జానెడు కూడా ఉండదు. కత్తిరించాక కాసేపు వదలబుద్ధి కాదు. "ఏం దొరా, నిద్రా?" అంటాడు మేస్త్రి. అవునంటాను.

నిన్న నీ కోడలికి అంతా చెప్పేశాను. ఏడవలేదు. "తెలిసినా నిన్నే చేసుకునేదాన్నేమో. నన్ను అడిగి ఉండాల్సింది" అంది.

ఆదివారం ఇద్దరం వస్తున్నాం. తలుపు తీయగానే ఎప్పుడూ తన పొట్ట వైపు చూస్తావు. ఈసారి ముఖంలోకి చూసి మాట్లాడు. ఏం చెప్పాలో నీకు తెలుసు.

నీ కొడుకు