ఓబులేసు పలికించిన రేడియో

ఆదివారం, నంద్యాల

పాత సామాన్ల అంగడి ఓబులేసుకు రేడియోల గురించి తెలిసింది ఒక్కటే, తూకం.

పోయిన వారం ఆళ్లగడ్డలో వాడి అంగట్లో టేకు పెట్టె వాల్వు రేడియో చూశాను. లోపలి వాల్వులూ, స్టేషన్ల పేర్లున్న అద్దమూ చెక్కుచెదరలేదు. ఆశపడినట్టు కనిపిస్తే రేటు పెంచేస్తాడని మొహం చిట్లించాను. "పలకని డబ్బా ఎవురికి గావాలప్పా" అని వచ్చేశాను. వారం రోజులు నానితే వాడే దిగొస్తాడనుకున్నాను.

ఈ రోజు బస్సెక్కి మళ్లీ పోయాను. పెట్టెకు బంగారు రంగు పూసి ఉంది. లోపలి నుంచి ఏదో డీజే పాట.

"పలకదంటివి గదన్నా. లోపలంతా పెరికేసి బ్లూటూత్ పెట్టిస్తి. ఇప్పుడు సూడు, ఎట్ల పాడతాండాదో" అన్నాడు, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తూ.

వాల్వులు ఏమయ్యాయని అడిగాను.

"ఆ గాజు బుడ్లా? పారేస్తి లేన్నా."

మూర్ఖుడు. అన్నేళ్లు బతికిన రేడియోను వారంలో చంపాడు. నంద్యాల వచ్చేదాకా బస్సులో తిట్టుకుంటూనే ఉన్నాను. పైగా నేనన్న మాట నమ్మాడట. కొనేవాడు తిట్టిన సరుకే వాడికి కావాల్సిన సరుకని ఇన్నేళ్లు అంగట్లో కూర్చుని కూడా నేర్చుకోకపోతే ఎలా?