మీ తమ్ముణ్ణి ఇక్కడే ఉంచాం

అల్మాస్‌గూడ,
బుధవారం.

వదినగారికి వందనాలు.

మీ తమ్ముణ్ణి ఒంగోలు తీసుకొస్తానని ఫోన్లో మాటిచ్చి, ఇక్కడే సమాధి చేయించాను. అప్పటినుంచి మీరు నా ఫోను ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పాస్టరుగా ఉన్న మన బాప్టిస్టు చర్చిలోనే చివరి ప్రార్థన జరిగింది. అంబులెన్సు ఎక్కించాం. నేనూ ఎక్కాను. తలుపు వేయబోతుంటే సైదమ్మ వచ్చి పట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పండ్లు అమ్ముతుంది, మన సంఘం మనిషి కాదు. కరోనాలో ఆమె భర్త జానయ్య పోతే అయినవాళ్ళే రాలేదు. మీ తమ్ముడే మోసుకెళ్ళి, మన సమాధుల తోటలో చోటిచ్చి పూడ్చారు.

"అయ్యగార్ని గంత దూరం తీస్కపోతే మేమెట్ల ఒచ్చి సూడాలమ్మా? మా ఆయన పక్కన జర జాగ ఉన్నది. ఆడనే పెట్టుండ్రి," అంది.

"వాళ్ళ అక్కకు మాటిచ్చాను సైదమ్మా."

"అక్కకు ఒక్కడే తమ్ముడు. మాకు గూడ ఒక్కడే అయ్యగారు గదమ్మా."

ఆమె వెనక బస్తీ అంతా నిలబడి ఉంది. వాళ్ళ మంచినీళ్ళ కోసమే ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగింది. నేనే దిగి, ఆయన్నీ దింపించాను.

చేసింది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు. అత్తయ్యగారి సమాధి పక్కన గుంత తవ్వించి, చీకటిపడేదాకా మీరు అక్కడే కూర్చున్నారని మీ కోడలు చెప్పింది. దాన్ని పూడ్పించే రోజు నాకు చెప్పండి వదినగారూ. మీరు తిట్టినా సరే, వచ్చి మీ పక్కన నిలబడతాను.

మీ మరదలు