టికెట్ వేయని ఫోన్లు

2 ఫిబ్రవరి 2026, సోమవారం

మల్లికార్జున్ మేడారం జాతర నుంచి బంగారం తెచ్చాడు, అమ్మవార్ల బెల్లాన్ని అక్కడ అలాగే అంటారు. టీమ్‌లో ఐదుగురం, ఒక్కొక్కరికి పిడికెడు బెల్లం గడ్డ. పొద్దున ఐదింటికి షిఫ్ట్ ఎక్కగానే నోట్లో బెల్లం, చేతిలో మెషీన్ టీ. ఇంతకన్నా ఏం కావాలి?

నిజంగానే అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ఆరేళ్లు చేశాను. అక్కడ ఆఫీసుకు పోయి రావడమే ఇంకో ఉద్యోగం. మూడేళ్ల కింద కంపెనీ వరంగల్ పక్కన మడికొండలో బ్రాంచి తెరిచినప్పుడు మొదట చేయెత్తింది నేనే. మా క్లయింట్ ఆస్ట్రేలియాలో నల్లాలు, పైపులు అమ్మే పెద్ద కంపెనీ. వాళ్ల గోడౌన్ల సాఫ్ట్‌వేర్‌కు మేం సపోర్ట్. వాళ్లకు మనకన్నా ముందే తెల్లవారుతుంది కాబట్టి రెండింటికల్లా నాకు సెలవు. ఇంటికి పోయి తిని, కాసేపు పడుకుని, సాయంత్రం స్టేషన్ రోడ్డులో నాన్న దుకాణంలో కూర్చుంటాను. అక్కడా నల్లాలు, పైపులే. తలరాత.

ఇవాళ జూడీ ఫోన్ చేసింది. బ్రిస్బేన్ గోడౌన్ సూపర్‌వైజర్, అరవై దగ్గర పడి ఉంటుంది. పికింగ్ లిస్ట్, అంటే గోడౌన్‌లోంచి తీయాల్సిన సరుకుల జాబితా, రెండుసార్లు వస్తోందట. ఏం నొక్కాలో చెప్పాను, అయిపోయింది. మేడారం గురించి చెబితే, మనిషి బరువు బెల్లం తూచి ఇస్తారా అని మూడుసార్లు అడిగింది.

6 ఫిబ్రవరి, శుక్రవారం

రమాకాంత్ గారు హైదరాబాద్ నుంచి కాల్ పెట్టారు. మా మేనేజర్. ఆయన కెమెరా ఆన్ చేశారంటేనే ఏదో ఉంది.

క్లయింట్ కొత్త సాఫ్ట్‌వేర్ కొంటోంది. అందులో ఏఐ ఉందట. ఈ ఏడు అందరి బడ్జెట్ అటే పోతాంది, పాత సాఫ్ట్‌వేర్ మీద ఎవ్వలు మనుషులను పెడ్తలేరు, అన్నారు. ఏప్రిల్ ఒకటి నుంచి వరంగల్‌లో ఐదు సీట్లు కాదు, రెండే. మిగతా ముగ్గురికి హైదరాబాద్‌లో బెంచ్. బెంచ్ అంటే పని లేకుండా కూర్చోబెట్టి, రెండు నెలలు చూసి, మన చేతే రాజీనామా రాయించడం.

ఎవరు ఉంటారో ఎలా తేలుస్తారని అడిగాను. మార్చి ఆఖరు దాకా టికెట్లు చూస్తరు, నా చేతుల ఏం లేదు, మీరు ఫికర్ చెయ్యకున్రి, అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఫికర్ మొదలవుతుంది.

9 ఫిబ్రవరి, సోమవారం

లిస్ట్ వచ్చింది. డిసెంబరు నుంచి ఎవరు ఎన్ని టికెట్లు, అంటే గోడౌన్ల వాళ్లు ఫారం నింపి పంపే సమస్యలు, పరిష్కరించారో.

మల్లికార్జున్ 212. సౌమ్య, అంటే నేను, 14.

నేను టీమ్ లీడ్‌ని. కింద నుంచి ఫస్ట్.

తప్పు నాదే. గోడౌన్ నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు వాళ్ల చేత టికెట్ వేయించాలి, తర్వాతే సమస్య చూడాలి. అది రూలు. నేనేమో ఫోన్ ఎత్తి చెప్పేస్తాను. రెండు నిమిషాల పనికి నాలుగు పేజీల ఫారం నింపమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? దుకాణంలో పెరిగినదాన్ని. నల్లా కారుతోందని ఎవరైనా వస్తే నాన్న ముందు ఎక్కడ కారుతోందో అడుగుతాడు, వాషర్ ఎలా వేసుకోవాలో చూపిస్తాడు. కొన్నారా లేదా అన్నది తర్వాతి మాట. మూడేళ్లుగా నేను ఐటీ కంపెనీలో కూర్చుని నాన్న దుకాణం నడుపుతున్నానన్నమాట.

మల్లికార్జున్ 212లో సగం, అక్కా జర చూడరాదే అని నా వైపు తిరిగి అడిగినవే. నేను చెబుతుంటే అతను ఫారం నింపేవాడు. కోపం రావాలి. రావడం లేదు. ఫారాలు మాత్రం ముచ్చటగా నింపాడు.

సాయంత్రం నాన్నకు చెప్పాను. అడిగినోనికి చెప్పుడు గూడ తప్పేనా బిడ్డా, గట్లయితే నన్ను ఎప్పుడో తీసెయ్యాలె, అన్నాడు. అంటూనే ఒకాయనకు పైపు సైజు కొలిచి చెప్పి, ఏమీ అమ్మకుండానే పంపించేశాడు.

12 ఫిబ్రవరి, గురువారం

ఇవాళ్టి నుంచి నేను కఠినం. ఏడు ఫోన్లు వచ్చాయి. ఏడుగురికీ టికెట్ లింక్ పంపాను. ముగ్గురు నింపారు. జూడీకి కూడా పంపాను. పంపాక నా మీద నాకే అసహ్యం వేసింది.

16 ఫిబ్రవరి

జూడీ ఫోన్ చేయలేదు.

17 ఫిబ్రవరి

చేయలేదు.

19 ఫిబ్రవరి, గురువారం

చేసింది. గోడౌన్ సంగతి కాదు. తానేం తప్పు చేసిందో చెప్పమంది. మూడేళ్లు మాట్లాడి, ఉన్నట్టుండి ఫారం ఎందుకు పంపావంది.

మా ఉద్యోగాల విషయం క్లయింట్ వాళ్లకు చెప్పకూడదు. చెప్పేశాను. టికెట్ల లెక్క, రెండు సీట్లు, హైదరాబాద్, అన్నీ. జూడీ, ఎన్ని కావాలి అంది. కూరగాయల బండి దగ్గర అడిగినట్టు అడిగింది. నవ్వు ఆపుకోలేకపోయాను. టికెట్లు నీ పని కాదు, నువ్వు పైపులు పంపు అన్నాను.

27 ఫిబ్రవరి, శుక్రవారం

నా లెక్క 38. ఇంకా ఆఖరే.

మా ఆయన రాకేష్‌ది పరకాలలో గవర్నమెంట్ జూనియర్ కాలేజీ. లెక్చరర్. అతను ఉద్యోగం వదల్లేడు. పాప రెండో తరగతి. నేను హైదరాబాద్ పోతే వారానికోసారి ఇంటికి చుట్టంలా రావాలి. రాకేష్ ఫోన్‌లో రైళ్ల టైములు చూడడం మొదలుపెట్టాడు. లాక్కున్నాను. పోయేది నేను, నా రైలు నేను చూసుకుంటానన్నాను.

భయంగా ఉంది. నాకు ఈ ఊరు వదలడం ఇష్టం లేదు. పైకి అంటే చిన్నపిల్ల మారాంలా ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను.

4 మార్చి, బుధవారం

మల్లికార్జున్ నా డెస్క్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా టికెట్లల్ల సగం నీయే అక్కా, రమాకాంత్ సార్‌కు నేనే చెప్త, అన్నాడు. అవసరం లేదని పెద్దమనిషిలా చెప్పి పంపించాను.

ఎందుకు వద్దన్నానా అని ఇంటిదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

11 మార్చి, బుధవారం, ఉదయం 5.10

క్యూలో 63 కొత్త టికెట్లు. అన్నీ బ్రిస్బేన్ గోడౌన్‌వే. అన్నీ ఎర్రగా.

11 మార్చి, మధ్యాహ్నం 3.00

సర్వర్ పడిపోయిందనుకుని మొదటిది తెరిచాను. సమస్య వచ్చిన తేదీ: 2023 ఏప్రిల్ 18. వివరం: బార్‌కోడ్ ప్రింటర్ తలకిందులుగా ప్రింట్ చేసింది, సౌమ్య ఆరు నిమిషాల్లో సరిచేసింది. రెండోది 2023 మే. వానకు కరెంటు పోయి వచ్చాక స్టాక్ అంతా సున్నా చూపించింది, సౌమ్య ఫోన్ పెట్టకుండా గంటసేపు దగ్గరుండి తిరిగి తెప్పించింది. కింద వేసిన పేరు జూడీ.

నాతో మాట్లాడినవి గోడౌన్ షిఫ్ట్ రిజిస్టర్‌లో రాసి పెట్టుకుందట. అవన్నీ వెతికి, నాలుగు పేజీల ఫారం అరవై మూడుసార్లు నింపింది. పది చదివి ఆపేశాను. ఆఫీసులో ఏడిస్తే బాగుండదు.

అప్పుడు గడువుల లెక్క కంటపడింది. జూడీ తేదీలు నిజాయితీగా పాతవే వేసింది. సిస్టమ్‌కు నిజాయితీ ఏం తెలుసు? నాలుగు గంటల్లో తీర్చాల్సిన సమస్య వెయ్యి రోజులుగా పెండింగ్ అని లెక్క కట్టింది. అరవై మూడూ గడువు దాటినట్టే, అన్నీ నా పేరు మీదే. గడువు దాటిన ప్రతి టికెట్‌కూ మేనేజర్‌కు, వాళ్ల పైవాళ్లకు, క్లయింట్ డైరెక్టర్‌కు దానంతట అదే ఒక మెయిల్ పోతుంది.

నిన్నటిదాకా టీమ్‌లో ఆఖరిదాన్ని. ఇవాళ్టితో కంపెనీ మొత్తంలో.

12 మార్చి, గురువారం

రమాకాంత్ గారు కెమెరా ఆన్ చేయడమే కాదు, లేచి నిలబడి మాట్లాడారు. ఏం చేసిన్రమ్మా, వీపీ సార్‌కు అరవై మూడు మెయిళ్లు పోయినయి, ఎన్నడు మెయిల్ తెరువనోడు నిన్న తెరిచిండు, అన్నారు. అన్నీ డిలీట్ చేయమన్నారు. క్లయింట్ వేసిన టికెట్ మనం తీసెయ్యలేం సార్, అని మల్లికార్జున్ చెప్పాడు. ఆ గొంతులో సంతోషం నాకు బాగానే వినపడింది.

సోమవారం క్లయింట్ డైరెక్టర్‌తో కాల్. నేను ఉండాలట.

16 మార్చి, సోమవారం

డైరెక్టర్ అరవై మూడూ చదివాడు. ఇవన్నీ మా రికార్డులో ఎందుకు లేవని అడిగాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఫోన్‌లో చెప్పేసేదాన్ని, టికెట్ వేయించలేదు అన్నాను. మిగతా నాలుగు గోడౌన్ల ఫోన్లు ఎన్ని అన్నాడు. తెలియదు, రాసుకోలేదు అన్నాను. రమాకాంత్ గారు మ్యూట్‌లో తల పట్టుకోవడం కనిపించింది.

కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లకు మూడేళ్ల టికెట్లే ఇచ్చారట. ఏఐకి నేర్పుతున్నది కూడా వాటితోనే. అంటే తలకిందుల ప్రింటర్ సంగతి దానికి తెలియదా అన్నాడు. తెలియదు అన్నాను. నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు.

తర్వాత నాకూ చీవాట్లు పెట్టాడు. రాయకుండా సాయం చేయడం మంచితనం అనుకుంటున్నావు, నువ్వు జ్వరంతో పడుకున్న రోజు మా లారీలు ఆగిపోతాయి అన్నాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు.

19 మార్చి, ఉగాది

ఆస్ట్రేలియాకు ఉగాది లేదు. షిఫ్ట్ ఉంది. పచ్చడి డబ్బాలో తీసుకెళ్లాను.

24 మార్చి, మంగళవారం

రెండు కాదు, మూడు సీట్లు. పద్దెనిమిది నెలలకు. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారేదాకా టికెట్లలో లేనివన్నీ నేను రాసి పెట్టాలి. నేనూ, మల్లికార్జున్, ఇంకొకరు. మిగతా ఇద్దరికి హైదరాబాద్. ఒకాయన భార్య ఉద్యోగం అక్కడే కాబట్టి మిఠాయి పంచాడు. ఇంకొకాయన బ్యాగు సర్దుకుని, మిఠాయి ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆయన టికెట్లు నాకన్నా ఎక్కువే.

అది పక్కన పెడితే సంతోషంగా ఉన్నాను. చాలా. రాకేష్‌కు ఫోన్ చేస్తే క్లాసులో ఉండి కూడా ఎత్తాడు. దుకాణానికి పోయి చెబితే నాన్న, ఇగ చెప్పి రాసుకోవాలె, గంతే గదా, అన్నాడు. పద్దెనిమిది నెలల తర్వాత సంగతి అప్పుడు చూద్దాం.

31 మార్చి, మంగళవారం

జూడీ టికెట్లలో అరవై రెండు మూశాను. ఒకటి మిగిలింది.

సమస్య వచ్చిన తేదీ: 2024 ఆగస్టు 9. వివరం: స్క్రీన్ ఆగిపోయిందని అబద్ధం చెప్పాను. ముందురోజు నా భర్త చనిపోయాడు. సౌమ్య నలభై నిమిషాలు సమస్య కోసం వెతికింది. వెతుకుతున్నంతసేపూ వాళ్ల పాప కబుర్లు చెప్పింది.

ఆ ఫోన్ నాకు గుర్తుంది. తప్పు ఎక్కడుందో దొరకలేదని ఆ రోజంతా చిరాకుపడ్డాను.